ఎన్ని వదిలారో రాశారు సరే, ఎక్కడ వదిలారో రాయలేదేం?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో ట్రౌట్ చేపల మీద పేజీ నిండా రాశారు. ఫోటోలు నిజంగానే బాగున్నాయి, లారీ మీద ట్యాంకు, దానికో లావు పైపు, ఆ పైపులోంచి చేపలు జలజలా నదిలోకి జారిపోతుంటే ఒడ్డున జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు. రాసినాయన కూడా కష్టపడ్డారు, గుడ్లు పొదిగించి చేపల్ని పెంచే హ్యాచరీ అంటే ఏంటో, గేలం వేసేవాళ్ళ సరదా ఏంటో అన్నీ చెప్పారు. కానీ పేజీ మొత్తం ఒక్క అంకె చుట్టూనే తిరిగిందండి, ఎన్ని చేపలు వదిలారు అన్నది. ఎక్కువ వదిలితే మంచిది, ఇంకా ఎక్కువ వదిలితే ఇంకా మంచిది అన్నట్టు. నేను ట్రౌట్ హ్యాచరీలో చాన్నాళ్ళు పనిచేసినవాణ్ణి, గేలం పిచ్చి కూడా ఉంది, అందుకే ఊరుకోలేక రాస్తున్నా. ఆ ఒక్క అంకె చూసి మంచో చెడో తేల్చలేం. అవే చేపల్ని ఒక చెరువులో వదిలితే అందరికీ సంతోషం, వాటినే పక్కనున్న నదిలో వదిలితే అక్కడ ముందునుంచీ ఉన్న చేపలకి ఎసరు. ఏ నీళ్ళలో వదిలారు, ఏ రకం చేప వదిలారు అనేది తెలియకుండా లక్షల లెక్క చెప్తే దానికి అర్థం లేదు.

హ్యాచరీని తిట్టడానికి ఈ ఉత్తరం రాయట్లేదు, ముందే చెప్తున్నా. అది గొడ్డు చాకిరీ అండి, చేసినవాడికే తెలుసు. సీజన్‌లో తల్లి చేపని పట్టుకుని పొట్ట మీద మెల్లగా వేలితో వెనక్కి నిమిరితే నారింజ రంగు గుడ్లు ధారగా పళ్ళెంలోకి పడతాయి, బఠాణీ గింజ కన్నా కాస్త చిన్నవి, కిలో బరువున్న ఆడచేపకి అటూఇటుగా 2000 గుడ్లు వస్తాయి. మగచేప వీర్యం వాటి మీద పిండి, నీళ్ళు తగలకుండా కలపాలి, పొడి పద్ధతి అంటారు దీన్ని. ఎందుకు పొడిగా అంటే మంచినీళ్ళు తగిలిన మరుక్షణం ఆ వీర్యకణాలు ఈదడం మొదలెడతాయి, అర నిమిషం అటూఇటు తిరిగి ఆగిపోతాయి, ఇంకోవైపు గుడ్డు కూడా నీళ్ళు పీల్చి ఉబ్బుతూ ఆ లోపలికెళ్ళే సన్న రంధ్రాన్ని మూసేసుకుంటుంది. ముందు నీళ్ళు పోసి తర్వాత కలిపితే సగం పైన వేస్టే. ఈ చిన్న కిటుకు పట్టుకోవడానికి మనుషులకి వందేళ్ళ దాకా పట్టింది. జర్మనీలో యాకోబి అనే ఆయన 1760ల్లోనే ట్రౌట్ గుడ్లని చేత్తో పిండి పొదిగించాడు, పొడి పద్ధతి మాత్రం 1850ల్లో రష్యాలో వ్రాస్కీ అనే ఆయన కనిపెట్టాడు.

ఆ తర్వాత గుడ్లు ట్రేల్లోకి వెళ్తాయి, వాటి మీద చల్లటి నీళ్ళు ఆగకుండా పారుతూనే ఉండాలి. నీళ్ళు 10 డిగ్రీలుంటే రెయిన్‌బో అనే రకం ట్రౌట్ గుడ్డు నెల రోజులకి పొదుగుతుంది. మొదటి రెండు రోజులు దాటాక కళ్ళు పడేదాకా వాటిని ముట్టుకోకూడదు, ట్రే కాస్త గట్టిగా తగిలినా లోపల పిండం చచ్చిపోతుంది, అందుకే ఆ రోజుల్లో హ్యాచరీలో తలుపు కూడా నెమ్మదిగా వేసేవాళ్ళం. రెండు వారాలు దాటాక ప్రతి గుడ్డులో రెండు నల్ల చుక్కలు కనపడతాయి, అవే కళ్ళు, ఇక అప్పుడు గుడ్డు గట్టిపడినట్టు. అప్పుడు తమాషా ఏంటంటే ఇన్నాళ్ళూ కదపకుండా కాపాడిన గుడ్లని మనమే కావాలని కుదుపుతాం, ఒక బకెట్లోంచి ఇంకో బకెట్లోకి కొంచెం ఎత్తు నుంచి పోస్తాం. బతికున్నవి తట్టుకుంటాయి, ఫలించనివి మర్నాటికి తెల్లగా మారిపోతాయి. ఆ తెల్లవాటిని పట్టకారుతోనో సన్న గొట్టంతోనో ఏరుకుంటూ కూర్చోవాలి. ఒక్క చచ్చిన గుడ్డు వదిలేస్తే దాని మీద దూదిలాంటి బూజు పట్టి చుట్టూ ఉన్న బంగారం లాంటి గుడ్లని కూడా అల్లుకుపోతుంది. మెడలు పట్టేసేవి, కళ్ళు మసకలు కమ్మేవి, అయినా ఇందులో ఒక రుచి ఉంది, అది అలవాటైనవాడు వేరే పనికి పోలేడు.

పొదిగిన పిల్ల కడుపు కింద సొన సంచి వేలాడుతూ ఉంటుంది, రెండు మూడు వారాలు అదే దాని తిండి, అడుగున పక్కకి పడుకుని ఉంటుంది. సంచి అయిపోయాక పైకి ఈదడం మొదలెడుతుంది, అప్పుడు పొడి మేత వేయాలి, రోజుకి ఎన్నిసార్లో లెక్కుండదు, కొంచెం కొంచెం వేస్తూనే ఉండాలి, ఆ టైంలో మేత అలవాటు కాని పిల్ల ఇక బతకదు. అక్కణ్ణుంచి రేస్‌వేలు, అంటే పొడుగాటి సిమెంటు కాలవలు, ఒక చివర నీళ్ళు వచ్చి ఇంకో చివర పోతుంటాయి. ఇక్కడ మొత్తం ఆట ఆక్సిజన్‌ది. 10 డిగ్రీల నీళ్ళు లీటరుకి 11 మిల్లీగ్రాములు పైన ఆక్సిజన్ పట్టగలవు, అవే నీళ్ళు 20 డిగ్రీలకి వేడెక్కితే 9కి పడిపోతుంది, పైగా వేడికి చేపకి ఆకలీ ఊపిరీ రెండూ పెరుగుతాయి, ఇటు సరుకు తగ్గి అటు ఖర్చు పెరిగినట్టు. కాలవ చివర డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, 5 కన్నా కిందకి వచ్చిందంటే చేపలన్నీ నీళ్ళు వచ్చే వైపు గుంపుగా చేరిపోతాయి, మీటర్ చూడక్కర్లేదు, వాటిని చూస్తే తెలిసిపోతుంది. అర్ధరాత్రి పంపు ఆగిపోయి ఫోన్ మోగిందంటే చొక్కా వేసుకునే టైం కూడా ఉండదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఇలా ఏడాది ఏడాదిన్నర పెంచితే జానెడు దాటిన చేప తయారవుతుంది, అది చూడ్డానికి ట్రౌటే, పట్టుకుంటే ట్రౌటే, కానీ దానికి బతకడం నేర్పింది మాత్రం మేత బకెట్ పట్టుకున్న మనిషి. నదిలో పుట్టిన ట్రౌట్ మీద నీడ పడితే బాణంలా రాయి కిందకి దూరిపోతుంది, కొంగ వచ్చిందో ఇంకేదో వచ్చిందో అని. రేస్‌వే చేప మీద మనిషి నీడ పడితే వందలకొద్దీ నోళ్ళు తెరుచుకుని పైకి వస్తాయి, అన్నం వచ్చింది అని. దానికి పురుగు ఏదో పుల్ల ఏదో తెలీదు, ప్రవాహంలో ఎక్కడ నిలబడితే తక్కువ శ్రమకి ఎక్కువ తిండి దొరుకుతుందో తెలీదు. ఇరుకులో ఒకదాన్నొకటి కొరుక్కుని సిమెంటుకి రాసుకుని వీపు మీద రెక్క మొండిగా అరిగిపోయి ఉంటుంది, గేలానికి పడ్డ చేపని చూసి ఇది హ్యాచరీదా నదిదా అని పాతకాపులు చెప్పేది ఆ రెక్క చూసే. మాంసం రంగు కూడా అంతే, నదిలో చిన్న చిన్న రొయ్యజాతి జీవుల్ని తిని ఎర్రబడుతుంది, హ్యాచరీలో ఆ రంగు కావాలంటే మేతలో ఆస్టాజాంథిన్ అనే రంగు పదార్థం కలపాలి.

ఇలాంటి చేపని ఒక మంచి నదిలో, అప్పటికే ట్రౌట్ తనంతట తాను గుడ్లు పెట్టి పెరుగుతున్న నదిలో వదిలితే ఏమవుతుంది? ఎక్కువ చేపలు కలిస్తే ఎక్కువ చేపలు అవుతాయి అనుకుంటాం, మామూలు కూడిక. అమెరికాలో మోంటానా రాష్ట్రంవాళ్ళు కూడా దశాబ్దాల పాటు అలాగే అనుకున్నారు. 1960ల చివర్లో అక్కడ డిక్ విన్సెంట్ అనే ఫిషరీస్ బయాలజిస్టు మ్యాడిసన్ నది మీద లెక్కలు మొదలెట్టాడు, ఒక భాగంలో స్టాకింగ్, అంటే పెంచిన చేపల్ని తెచ్చి వదలడం, ఆపేయించాడు, పక్కన ఓడెల్ క్రీక్ అనే వాగులో, అంతవరకూ ఎవరూ చేపలు వదలని చోట, వదిలించి చూశాడు. స్టాకింగ్ ఆపిన చోట సహజంగా పుట్టిన ట్రౌట్ సంఖ్య బాగా పెరిగింది, కొత్తగా వదిలిన వాగులో అక్కడి ట్రౌట్ తగ్గిపోయాయి. చేపలు వదలడం ఆపితే చేపలు పెరగడం ఏంటి అని చాలామంది నమ్మలేదు, గేలంవాళ్ళకీ వాళ్ళ మీద బతికే వ్యాపారాలకీ ఒళ్ళు మండింది. అయినా 1974లో మోంటానా తన నదుల్లో, వాగుల్లో, ట్రౌట్ సొంతంగా పెరిగే చోట్ల స్టాకింగ్ ఆపేసింది, ఈరోజుకీ ప్రపంచం నలుమూలల నుంచి గేలం వేయడానికి జనం అక్కడికే వెళ్తున్నారు మరి.

ఎందుకలా జరుగుతుంది అనేది రేస్‌వే చూసినవాడికి పెద్ద వింతగా అనిపించదు. నదిలో చేపలకి ఒక లెక్క ఉంటుంది, మంచి గుంట పెద్దదానిది, దాని వెనక చోటు దాని తర్వాతదానిది, ఒకసారి తేల్చుకున్నాక రోజూ కొట్టుకోవు. హ్యాచరీ చేపకి ఈ లెక్క తెలీదు, అది కనపడ్డ ప్రతి చోటుకీ వెళ్ళి ప్రతిదానితో గొడవ పెట్టుకుంటుంది, ఉన్నవాటిని కదిలిస్తుంది, వాటి ఒంట్లో శక్తి అంతా ఆ కొట్లాటకే పోతుంది. గొడవ పెట్టిన హ్యాచరీ చేపేమైనా అక్కడ స్థిరపడుతుందా అంటే అదీ లేదు, చాలావరకు కొన్ని వారాల్లోనే గేలానికో కొంగకో పోతుంది, లేకపోతే తిండి చాలక చస్తుంది, చలికాలం దాటేవి బహు తక్కువ. ఇద్దరూ చెడ్డట్టు.

ఇక రెండో సంగతి, రక్తం సంగతి. హ్యాచరీలో తల్లి చేపల్ని మనమే ఎంచుతాం, త్వరగా పెరిగేవి, ఇరుకులో చావనివి, ముందుగా గుడ్లు ఇచ్చేవి. రెయిన్‌బో ట్రౌట్ స్వతహాగా వసంతంలో గుడ్లు పెట్టే చేప, కానీ ఏటా ముందుగా పండినవాటినే ఎంచుకుంటూ పోయి చలికాలానికి ముందే గుడ్లిచ్చే రకాలు తయారుచేశారు, వ్యాపారానికి బాగుంది. ఈ చేప నదిలోకి వెళ్ళి అక్కడి చేపతో కలిసిందనుకోండి, పుట్టే పిల్లలకి ఆ ఎంపికలన్నీ కొంత కొంత అంటుకుంటాయి. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో హుడ్ నదిలో స్టీల్‌హెడ్ మీద, స్టీల్‌హెడ్ అంటే సముద్రానికి వెళ్ళొచ్చే రెయిన్‌బోనే, డీఎన్ఏ చూసి ఏ పిల్లకి ఎవరు తల్లిదండ్రులో తేల్చిన పరిశోధన 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఒక్కో తరం హ్యాచరీలో పెరిగే కొద్దీ బయటికెళ్ళాక పిల్లల్ని కనే సామర్థ్యం సుమారు 40 శాతం పడిపోతుందని తేలింది. ఒక్క తరానికి అంత! పది తరాలు సిమెంటు తొట్లో తిరిగిన చేపల సంగతి మీరే ఊహించుకోండి.

అమెరికా పడమటి కొండల్లో కట్‌త్రోట్ అని దవడ కింద ఎర్రటి గీత ఉండే ట్రౌట్ ఉంది, అక్కడి సొంత చేప. వందేళ్ళకి పైగా రెయిన్‌బోలని తెచ్చి ఆ నీళ్ళలో పోశారు, రెండూ కలుస్తాయి, పిల్లలు కూడా పుట్టించగలవు, ఇప్పుడు చాలాచోట్ల అచ్చమైన కట్‌త్రోట్ కావాలంటే జలపాతాల పైన ఎక్కడో మారుమూల వాగుల్లో వెతుక్కోవాలి. ఇంకో విచిత్రం వినండి, కొలరాడోలో గ్రీన్‌బ్యాక్ అనే కట్‌త్రోట్ రకాన్ని కాపాడుతున్నాం అని ఏళ్ళ తరబడి హ్యాచరీలో పెంచి వదిలారు, తీరా మ్యూజియంలో సారాయి సీసాల్లో దాచిన పాత చేపల డీఎన్ఏతో పోల్చి చూస్తే పెంచింది చాలావరకు వేరే రకం అని 2012లో తేలింది. అసలుది మిగిలింది బేర్ క్రీక్ అనే ఒక్క చిన్న వాగులో, అది కూడా దాని సొంత చోటు కాదు, 1880ల ప్రాంతంలో ఒక హోటల్ ఆయన తన దగ్గరకొచ్చే టూరిస్టుల సరదా కోసం తెచ్చి వేసిన చేపల సంతానం అది. స్టాకింగ్ వల్ల పోయిన చేప స్టాకింగ్ వల్లే మిగిలింది. అందుకే చెప్తున్నా ఇది ఒక్క ముక్కలో మంచీ చెడూ అని తేలే వ్యవహారం కాదు, కానీ ఎవడు ఏ చేపని ఎక్కడి నుంచి ఎక్కడికి తెచ్చాడో రాసి పెట్టుకోకపోతే వందేళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు సీసాలు వెతుక్కోవాలి.

రోగాల గురించి మీ పేజీలో ఒక్క లైను కూడా లేదు, అది నాకు అన్నిటికన్నా బాధ అనిపించింది. వర్లింగ్ డిసీజ్ అని ఒకటుంది, మిక్సోబోలస్ అనే పరాన్నజీవి చేపపిల్ల మెత్తటి ఎముకని తినేస్తుంది, పిల్ల తోక నల్లబడి తన చుట్టూ తానే గిరగిరా తిరిగి చస్తుంది. యూరప్‌లో పుట్టిన రోగం, అక్కడి బ్రౌన్ ట్రౌట్ దాన్ని తట్టుకుంటుంది, రెయిన్‌బో తట్టుకోలేదు. చేప నుంచి చేపకి నేరుగా రాదు, మధ్యలో బురదలో ఉండే ట్యూబిఫెక్స్ అనే సన్న ఎర్ర పురుగులోకి వెళ్ళి అక్కడ రూపం మార్చుకుని మళ్ళీ చేపకి వస్తుంది, ఈ సంగతి తేలింది 1980ల్లో, అప్పటిదాకా రెండూ వేరే వేరే జీవులు అనుకునేవాళ్ళు. మట్టి అడుగున్న చెరువుల్లో చేపల్ని పెంచితే ఆ పురుగులు దండిగా ఉంటాయి, అడుగు సిమెంటు చేసి ఊట నీళ్ళు నేరుగా పట్టుకుంటే ఆ గొలుసు తెగుతుంది. కొలరాడోకి ఈ రోగం 1980ల్లో కొన్న చేపలతో పాటు వచ్చింది, ఆ తర్వాత కూడా రోగం మోస్తున్న చేపల్నే నదుల్లో పోస్తూ పోయారు, చూస్తుండగానే పేరున్న నదుల్లో రెయిన్‌బో పిల్లలు కనపడటం మానేశాయి. 1990ల్లో మ్యాడిసన్ నదిలో కూడా ఈ రోగం కనపడి రెయిన్‌బోలు కొన్ని చోట్ల 90 శాతం దాకా పోయాయి. తర్వాత కొలరాడోవాళ్ళు జర్మనీలో తరతరాలుగా ఆ రోగంతోనే పెరిగి రాటుదేలిన హోఫర్ అనే హ్యాచరీ రకాన్ని తెప్పించి తమ రకంతో కలిపి మళ్ళీ నదుల్లో నిలబెట్టుకుంటున్నారు, అంటే రోగం తెచ్చిందీ హ్యాచరీయే, విరుగుడు దొరికిందీ హ్యాచరీలోనే. ఒక్క టెస్టు చేయించడానికి బద్ధకిస్తే ఎన్నేళ్ళ పని పెట్టుకున్నట్టో చూడండి. లారీ ఎక్కించే ముందు ఆ లాట్‌కి రోగ పరీక్ష అయిందా లేదా అని మీ రిపోర్టరు ఒక్క ప్రశ్న అడిగుంటే ఎంత బాగుండేది.

అసలు చేపే లేని నీళ్ళ మాటేంటి, అక్కడ ఏ చేపకీ నష్టం లేదు కదా అంటారు చాలామంది. అమెరికాలో సియెర్రా నెవాడా కొండల మీద పైన ఉన్న సరస్సుల్లో చేపలుండేవి కావు, మంచుగడ్డలు తొలిచిన గుంటలు, కింద జలపాతాలు అడ్డం. గేలంవాళ్ళ కోసం మొదట కంచరగాడిదల మీద పాల క్యాన్లలో, తర్వాత విమానాల్లోంచి ట్రౌట్ పిల్లల్ని వేశారు. (విమానంలోంచి పడితే చావవా అని అందరూ అడుగుతారు, చావవు, అంగుళం రెండంగుళాల పిల్ల నీటి తుంపరతో పాటు అల్లల్లాడుతూ దిగుతుంది, యూటా రాష్ట్రంలో ఇప్పటికీ అలాగే వేస్తారు.) అయితే ఆ సరస్సుల్లో పసుపు కాళ్ళ కప్ప ఒకటి ఉండేది, దాని తోకకప్ప కప్పగా మారడానికి రెండు నుంచి నాలుగేళ్ళు పడుతుంది, కాబట్టి అది అడుగుదాకా గడ్డకట్టని లోతైన సరస్సుల్లోనే బతకగలదు. ట్రౌట్ బతికేదీ అక్కడే! అన్నేళ్ళు తోకకప్ప ఆ చేప నోటికి అందకుండా ఎలా తప్పించుకుంటుంది. కప్పలు పోయాయి. కొన్ని సరస్సుల్లో వలలేసి ట్రౌట్‌ని పూర్తిగా తీసేస్తే కొద్ది ఏళ్ళలోనే కప్పలు తిరిగొచ్చాయి, అందుకే దోషి ఎవరో అనుమానం లేదు. రెయిన్‌బో, బ్రౌన్ రెండూ ప్రపంచంలోని 100 అతి చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో ఉన్నాయని ఎంతమందికి తెలుసో.

ఈ చేపల్ని ప్రపంచమంతా తిప్పింది కూడా మనుషుల గేలం సరదాయే మరి. 1864లో ఇంగ్లాండ్ నుంచి టాస్మానియాకి నార్ఫోక్ అనే ఓడలో నాచులో చుట్టి ఐసు మధ్య పెట్టి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పంపారు, భూమధ్యరేఖ దాటి బతికి వెళ్ళాయి. కాలిఫోర్నియా రెయిన్‌బో 1883లో న్యూజిలాండ్ చేరింది, అదే ఏడాది జర్మనీ బ్రౌన్ ట్రౌట్ గుడ్లు అమెరికా చేరాయి. 1900 ప్రాంతంలో కశ్మీర్‌కి, నీలగిరుల్లో అవలాంచ్ దగ్గర 1907లో హ్యాచరీ, ఇవన్నీ ఆ వరుసలోవే. న్యూజిలాండ్‌లో టాపో సరస్సు ట్రౌట్ ఇప్పుడు తమంతట తామే పెరుగుతున్నాయి, కానీ అక్కడి చిన్న చిన్న సొంత చేపలు దానికి మూల్యం కట్టాయి. ఆ రోజుల్లో వాళ్ళకి తెలీదు అనొచ్చు. మనకి తెలుసు కదా.

మరి స్టాకింగ్ ఎక్కడ చేయాలి అంటారా, నా మట్టుకు నేను చెప్తా. ట్రౌట్ గుడ్లు పెట్టాలంటే పారే నీళ్ళు, కింద శుభ్రమైన గులకరాళ్ళు కావాలి. అవి లేని చెరువులు, తవ్విన గుంటలు, డ్యాముల వెనక నిలవ నీళ్ళు, బయటికి దారిలేని చోట్లు, అక్కడ నిరభ్యంతరంగా వేసుకోండి, అవి అక్కడ పిల్లలు పెట్టవు, పడితే పడ్డాయి లేకపోతే వేసవి వేడికి పోతాయి. వేయాల్సింది కూడా ట్రిప్లాయిడ్‌నే వేయాలి, అంటే గుడ్డు ఫలించిన కాసేపటికే దాన్ని వేడికి గానీ విపరీతమైన ప్రెషర్‌కి గానీ గురిచేస్తే క్రోమోజోమ్‌లు రెండు సెట్ల బదులు మూడు సెట్లు ఉండిపోతాయి, ఆ చేపకి సంతానం కలగదు, పొరపాటున వరదకి నదిలో పడ్డా రక్తం కలవదు. ఇంగ్లాండ్, వేల్స్‌లో 2015 నుంచి నదుల్లో బ్రౌన్ ట్రౌట్ వేయాలంటే మామూలుగా ఇలాంటి సంతానం లేనివే వేయాలి. ఇవి గుడ్లకి శక్తి ఖర్చుపెట్టవు కాబట్టి నాలుగేళ్ళు ఉంటే బాగా లావెక్కుతాయి, గేలంవాళ్ళకి నష్టమేం లేదు. ఒక్క మాట మాత్రం నిజం, ట్రిప్లాయిడ్ అయినంత మాత్రాన అది తిండి తినడం మానదు, కప్పల సరస్సులో అది కూడా కప్పనే తింటుంది.

ఊరి మధ్య గుంటలో ఇలా వదిలిన చేప మీద నాకు ఏ పేచీ లేదు. మొదటిసారి గేలం పట్టుకున్న చిన్నపిల్ల ఆ మొండి రెక్క చేపని లాగి కేరింతలు కొడుతుంటే ఇది హ్యాచరీ చేపమ్మా అని చెప్పే దుర్మార్గుణ్ణి కాను నేను. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ళు, పెద్దవాళ్ళు, కొండలెక్కి నదుల దాకా వెళ్ళలేనివాళ్ళు అందరికీ ఆ గుంటలే దిక్కు. పైగా జనం సరదా అక్కడ తీరితే నదిలో చేప మీద ఒత్తిడి తగ్గుతుంది. అమెరికాలో 1950 నుంచి గేలం సామాను మీద వేసే పన్ను రాష్ట్రాల చేపల శాఖలకి తిరిగి వస్తుంది, ఆ డబ్బు, లైసెన్సు డబ్బు ఉండబట్టే అక్కడ నదులకి కాపలా కూడా ఉంది. వచ్చిన చిక్కల్లా ఆ డబ్బులో ఎంత లారీకి పోతోంది ఎంత నదికి పోతోంది అన్న దగ్గరే. లారీ కనపడుతుంది, ఫోటో వస్తుంది. ఒడ్డున చెట్లు నాటి నీడ పెంచడం, పశువులు దిగకుండా కంచె వేయడం, వాగు మీద అడ్డంగా ఉన్న పాత తూము తీసేసి చేప పైకెళ్ళే దారి ఇవ్వడం, వీటికి ఫోటో రాదు, ఓట్లూ రావు, కానీ ఆ నీళ్ళు రెండు డిగ్రీలు చల్లబడితే హ్యాచరీ మొత్తం చేయలేని పని నది ఒక్కతే చేసేస్తుంది.

లారీ వెనకాలే కార్లలో వెంటపడి వెళ్ళి, పైపు తీయగానే గేలాలు వేసేవాళ్ళని గురించి కూడా రెండు ముక్కలు. ఆ చేపలు ప్రయాణానికి ముందు ఒకటి రెండు రోజులు పస్తుంటాయి, మేత కావాలనే పెట్టం, తిన్న చేప ట్యాంకులో నీళ్ళు పాడుచేస్తుంది, అమ్మోనియా పెరుగుతుంది. ఆకలి మీదున్న చేప, కుదుపులకి బెదిరిన చేప, ట్యాంకు నీళ్ళకీ బయటి నీళ్ళకీ వేడిలో తేడా ఉంటే ఇంకా సొమ్మసిల్లి ఉంటుంది, అందుకే మంచి డ్రైవరు ముందు బయటి నీళ్ళు ట్యాంకులోకి పంపి కాసేపు అలవాటు చేసి అప్పుడు వదులుతాడు. దానికి కనీసం ఒక రోజు టైం ఇవ్వండి సార్. అంతవరకూ అది కాయా పండా చూడకుండా ఏది పడితే అది మింగుతుంది, దాన్ని పట్టడంలో గొప్పేముంది.

ఎడిటర్ గారూ, ఈసారి మీవాళ్ళు ఇలాంటి కార్యక్రమానికి వెళ్తే ఎన్ని చేపలు అని అడగండి, తప్పులేదు, కానీ ఆ నీళ్ళలో ముందే ఏ చేపలున్నాయి, అవి సొంతంగా పెరుగుతున్నాయా, వదిలేవి ట్రిప్లాయిడ్లా కాదా, ఏ తల్లి రకం, రోగ పరీక్ష కాగితం ఉందా, పోయినసారి వదిలినవాటిలో ఎన్ని గేలానికి పడ్డాయి అని కూడా అడిగి రాయండి. ఆ ఆఖరి ప్రశ్నకి జవాబు రావాలంటే గేలంవాళ్ళ సాయం కావాలి. కొన్నిచోట్ల వదిలే చేపల్లో కొన్నిటికి వీపు రెక్క దగ్గర సన్నటి ప్లాస్టిక్ దారం లాంటి ట్యాగ్ గుచ్చి, దాని మీద నంబరు వేస్తారు. అలాంటి చేప పడితే ట్యాగ్ కోసి చెత్తలో పారేయకండి, నంబరు, తేదీ, పడిన చోటు చేపల శాఖకి చెప్పండి, చేపని తిరిగి వదిలేస్తుంటే ట్యాగ్ అలాగే ఉంచి నంబరు ఫోటో తీసుకుంటే చాలు.

ఇట్లు,
మీ పేపరు ఆదివారం వెనక పేజీ నుంచి చదివే ఒక పాఠకుడు